పాకం పూతా, పెళుసు చర్మమా? టర్కీ బ్రెస్ట్ చుట్టూ అల్లుకున్న వాదాలు

నవంబరు మొదలైందంటే అమెరికా పత్రికల వంట పేజీలన్నీ ఒకే పక్షి చుట్టూ తిరుగుతాయి. టర్కీ కోడిని ఉప్పునీళ్లలో నానబెట్టాలా, పొడి ఉప్పు పట్టించాలా? ఓవెన్ వేడి ఎంత పెట్టాలి? తీపి పూత ఎప్పుడు పూయాలి? ఏటా అవే ప్రశ్నలు, ఏటా కొత్త జవాబులు. ముప్ఫై ఏళ్లుగా పేరుకున్న ఆ జవాబుల్లో ఒకదానితో ఒకటి పొసగనివే ఎక్కువ. ఈ పండక్కి నలుగురే ఉన్నారు కదా, మొత్తం కోడి ఎందుకు, ఒక్క బ్రెస్ట్ పీస్ తెచ్చి పైన మెరిసే పూత పూసి వండుకుందాం అనుకున్నవాళ్లకు ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. వాళ్ల చేతికొచ్చే సలహాల్లో చాలా భాగం పన్నెండు మందికి సరిపోయే మొత్తం కోడి కోసం పుట్టినవి. ఆ కొలతలు ఈ ముక్కకు సరిపడవు.

విడివిడిగా కనిపించే ఈ తగవులన్నిటికీ మూలం ఒకటే, నీరు. మాంసం లోపలి నీరు బయటికి పోకూడదు. చర్మం మీది నీరు అక్కడ నిలవకూడదు. పూత అనేది ఈ రెండింటికీ సరిహద్దులో కూర్చుంటుంది. అక్కడి నుంచి చూస్తే ఏ వాదం ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ జారిపోతుందో తెలుస్తుంది.

పళ్లెం నిండిన పక్షి

టర్కీ కోడిని మచ్చిక చేసింది మెక్సికో ప్రాంతపు ఆదివాసులు. పదహారో శతాబ్దం తొలి దశకాల్లో స్పెయిన్‌వాళ్లు దాన్ని ఐరోపాకు తీసుకెళ్లారు. ఎక్కణ్నుంచి వచ్చిందో సరిగ్గా తెలియక ఇంగ్లీషువాళ్లు దానికి టర్కీ దేశం పేరు పెట్టారు. ఫ్రెంచివాళ్లు ‘దాండ్’ అన్నారు, అంటే ఇండియాది అని. టర్కీ దేశస్థులే దాన్ని ‘హిందీ’ అంటారు. మన దేశానికి ఇది నిజంగా వచ్చింది గోవా రేవు మీదుగా. 1612లో అక్కణ్నుంచి తెప్పించిన ఈ వింత పక్షిని చూసి జహంగీర్ చక్రవర్తి తన జ్ఞాపకాల్లో వివరంగా రాసుకున్నాడు. ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ చేత బొమ్మ వేయించాడు. ఆ బొమ్మ ఇప్పుడు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది.

అమెరికాలో థ్యాంక్స్‌గివింగ్ పండగకూ ఈ కోడికీ ముడిపడిన తీరు మాత్రం చాలామంది అనుకునేంత పాతది కాదు. 1621లో ప్లిమత్ వలసవాసులూ వాంపనోగ్ తెగవాళ్లూ కలిసి చేసుకున్న విందు గురించి ఎడ్వర్డ్ విన్‌స్లో రాసిన ఉత్తరంలో వేటాడి తెచ్చిన పక్షుల మాట ఉంది, వాంపనోగ్‌లు తెచ్చిన అయిదు జింకల మాట ఉంది, టర్కీ పేరు మాత్రం లేదు. టర్కీని ఆ బల్ల మధ్యలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యురాలు సారా జోసెఫా హేల్ అనే రచయిత్రి. 1827లో వచ్చిన తన ‘నార్త్‌వుడ్’ నవలలో ఆమె ఈ పండగ భోజనాన్ని వర్ణించి, కాల్చిన టర్కీని బల్ల మొదట్లో కూర్చోబెట్టింది. దీన్ని జాతీయ పండగ చేయాలని దశాబ్దాలపాటు పోరింది. 1863లో అబ్రహాం లింకన్ ఆ ప్రకటన చేశాడు. నవంబరు నాలుగో గురువారం అని చట్టం ఖాయం చేసింది 1941లో. 1943లో ‘సాటర్‌డే ఈవెనింగ్ పోస్ట్’ పత్రికలో అచ్చయిన నార్మన్ రాక్‌వెల్ చిత్రంలో ఒక పెద్దావిడ పళ్లెం నిండా ఉన్న కోడిని బల్ల మీద దించుతుంటుంది. పండగంటే ఇదీ అని అమెరికన్ల కళ్లలో నిలిచిపోయింది ఆ బొమ్మే.

ఆ బొమ్మకు ఎదురు నిలిచినవి రెండు. మొదటిది కోడి శరీరమే మారిపోవడం. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో ‘బ్రాడ్ బ్రెస్టెడ్ వైట్’ అనే రకం అమెరికా ఫారాలను ఆక్రమించింది. రొమ్ము కండ ఎంత పెరిగిందంటే ఆ పక్షులు సహజంగా జతకట్టలేవు, కృత్రిమ గర్భధారణే దిక్కు. రొమ్ము అంత పెద్దదయ్యాక దాన్ని విడిగా అమ్మడం తేలికైంది. రెండోది ఇళ్లు చిన్నవవడం. ఇద్దరు ముగ్గురుండే సంసారాలు పెరిగాయి. 2020 కోవిడ్ ఏడాదిలో ప్రయాణాలు మానుకోమని ప్రభుత్వ ఆరోగ్య సంస్థలే చెప్పడంతో చిన్న భోజనం ఒక్కసారిగా అందరి సమస్య అయింది. బ్రెస్ట్ పీస్ మీద జనం అంతగా మాట్లాడుకోవడం ఆ ఏడాది నుంచే పెరిగింది.

రొమ్ము కండకు ఏం జరుగుతుంది

మొత్తం కోడిని వండడంలో అసలు చిక్కు ఒకే శరీరంలో రెండు రకాల మాంసం ఉండటం. కాలి మాంసంలో బంధన కణజాలం ఎక్కువ. అది కరిగి మెత్తబడాలంటే 80 సెల్సియస్ డిగ్రీల దాకా, కొంతసేపు, వేడి తగలాలి. రొమ్ము కండలో ఆ కణజాలమూ తక్కువే, కొవ్వూ దాదాపు లేదు. ఆ వేడికి అది పీచుపీచుగా ఎండిపోతుంది. కోడిని వెన్నెముక తీసి పరిచి కాల్చడం, రొమ్ము మీద రేకు కప్పడం, ముందుగా రొమ్మును మంచుగడ్డలతో చల్లబరచడం లాంటి ఉపాయాలన్నీ ఈ రెండింటికీ రాజీ కుదర్చడానికి పుట్టినవే. బ్రెస్ట్ ఒక్కటే వండేవాళ్లకు ఆ రాజీతో పనే లేదు. ఎంత వేడి దగ్గర ఆపాలో ఆ ఒక్క కండను చూసి నిర్ణయించుకోవచ్చు.

50 సెల్సియస్ డిగ్రీలు దాటాక కండలోని మయోసిన్ అనే మాంసకృత్తి గడ్డకట్టడం మొదలవుతుంది, మాంసం తెల్లబడి గట్టిపడుతుంది. ఇంకో పదిహేను డిగ్రీలు పెరిగాక యాక్టిన్ అనే మరో మాంసకృత్తి వంతు. అది ముడుచుకుంటే తడి గుడ్డను పిండినట్టే, కండ పట్టుకున్న నీరంతా కారిపోతుంది. 65 దగ్గర కోస్తే ముక్క కొద్దిగా సాగి, తడిగా, నున్నగా ఉంటుంది. 75 దగ్గర కోస్తే కత్తి వెంటే పీచు విడిపోతుంది. ఈ పది డిగ్రీల నడుమ జరిగేదే రొమ్ము మాంసం మీది వాదాలన్నిటికీ కేంద్రం.

165 డిగ్రీల గీత

అమెరికా వ్యవసాయ శాఖ కోడి జాతి మాంసమంతటికీ లోపల 165 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే దాదాపు 74 సెల్సియస్, తగలాలని చెబుతుంది. 2006కు ముందు ఆ శాఖ చెప్పిన అంకెలు ఇంకా ఎక్కువ, బ్రెస్ట్‌కు 170, మొత్తం కోడికి 180. వాటిని కలిపి ఒకే అంకెగా దించింది ఆ ఏడాదే.

దీనికి ఎదురుగా నిలిచే వాదం కూడా ఆ శాఖ పట్టికల మీదే ఆధారపడటం విశేషం. మాంస పరిశ్రమకు ఇచ్చిన ఆ పట్టికల ప్రకారం సాల్మొనెల్లా బ్యాక్టీరియా చావడానికి వేడి ఒక్కటే లెక్క కాదు, ఆ వేడి ఎంతసేపు నిలిచిందన్నదీ లెక్కే. 165 దగ్గర అది క్షణాల్లో అయిపోతుంది. 150 ఫారెన్‌హీట్ (దాదాపు 66 సెల్సియస్) దగ్గర మాంసం నాలుగైదు నిమిషాలు నిలిస్తే వచ్చే ఫలితం కూడా అదే. జె. కెంజి లోపెజ్-ఆల్ట్ లాంటి వంట రచయితలు బ్రెస్ట్‌ను 150 దగ్గర దించమనడం ఈ లెక్కతోనే.

రెండు పక్షాల్లోనూ నిజముంది. సామాన్య వంటింట్లో థర్మామీటర్ గుచ్చిన చోటు తప్పవచ్చు, ఎముక తగిలి అంకె తప్పు రావచ్చు, నిమిషాలు లెక్కపెట్టేవాళ్లు తక్కువ. 165 అనేది ఆ పొరపాట్లన్నిటినీ కడుపులో పెట్టుకున్న అంకె. గర్భిణులు, ముసలివాళ్లు, పసిపిల్లలు, జబ్బు వల్ల నిరోధకశక్తి తగ్గినవాళ్లు బల్ల దగ్గర ఉంటే ఆ గీతకు తగ్గకపోవడమే సరైనది. మిగతావాళ్లకు మంచి డిజిటల్ థర్మామీటర్ ఉంటే 155 ప్రాంతంలో దించి పక్కన పెట్టడం సబబు. దించాక కూడా లోపలి వేడి కొన్ని డిగ్రీలు పెరుగుతుంది, ఆ మీద చాలాసేపు నిలుస్తుంది. ఈ చర్చలో అస్సలు నమ్మకూడనిది ఒకటే ఉంది. కొన్ని ముక్కలకు గుచ్చి అమ్మే, ఉడికినప్పుడు పైకి లేచే ప్లాస్టిక్ సూచిక. అది లేచేసరికి చాలాసార్లు మాంసం ఎండిపోయి ఉంటుంది.

ఉప్పు: తడిగానా, పొడిగానా

1990లలో తడి ఉప్పు గాలి వీచింది. ‘కుక్స్ ఇలస్ట్రేటెడ్’ పత్రిక దాన్ని పదేపదే రాసింది. 1999లో ఆల్టన్ బ్రౌన్ ‘గుడ్ ఈట్స్’ కార్యక్రమంలో టర్కీని ఉప్పునీళ్ల బకెట్‌లో ముంచి చూపించాక ఆ పద్ధతి ఇంటింటికీ వెళ్లింది. ఉప్పు కండలోని మాంసకృత్తులను కొంత కరిగిస్తుంది, అందువల్ల వేడికి అవి అంత గట్టిగా ముడుచుకోవు. దానికితోడు మాంసం కొంత నీటిని పీల్చుకుంటుంది. ఎండిపోయిన టర్కీ తినీ తినీ విసిగిన జనానికి అది వరమనిపించింది.

తర్వాత ప్రతివాదం వచ్చింది. శాన్‌ఫ్రాన్సిస్కోలో జూనీ కేఫే నడిపిన జూడీ రాజర్స్ కోళ్లకు ఒకటి రెండు రోజుల ముందే పొడి ఉప్పు పట్టించేది. 2002లో వచ్చిన ఆమె పుస్తకంలో ఆ పద్ధతి వివరంగా ఉంది. 2006లో ‘లాస్ ఏంజెలెస్ టైమ్స్’లో రస్ పార్సన్స్ దాన్నే టర్కీకి మలిచాడు. అయిదు పౌండ్లకు ఒక టేబుల్‌స్పూన్ ఉప్పు, ఫ్రిజ్‌లో మూడు రోజులు. ఉప్పు ముందు మాంసంలోని నీటిని పైకి లాగుతుంది, ఆ నీటిలోనే కరిగి మళ్లీ లోపలికి ఇంకుతుంది. బయటి నీరు ఒక్క చుక్క చేరదు. తడి ఉప్పు మాంసాన్ని జ్యూసీగా చేసినా ఆ రసం చప్పనీళ్ల రుచి ఇస్తుందని పొడి ఉప్పు పక్షంవాళ్ల ఆరోపణ. ఆ ఆరోపణలో బలముంది.

పూత పూసే బ్రెస్ట్ విషయంలో పొడి ఉప్పు గెలవడానికి ఇంకా గట్టి కారణముంది. బకెట్‌లోంచి తీసిన ముక్క చర్మం నీటితో ఉబ్బి ఉంటుంది, దాని మీద తీపి పాకం నిలవదు, జారిపోతుంది. ఉప్పు పట్టించి మూత లేకుండా ఫ్రిజ్‌లో రాత్రంతా పెట్టిన ముక్క చర్మం మర్నాటికి ఎండి, అప్పడంలా బిగిసి, వేలు పెడితే అంటకుండా ఉంటుంది. పూత అతుక్కునేది అలాంటి చర్మానికే. పైగా తడి ఉప్పులో ఉన్న ముక్క నుంచి కారే రసం అడుగు పళ్లెంలో ఇంకి ఉప్పగా తయారవుతుంది. దాంతో గ్రేవీ చేస్తే నోట్లో పెట్టలేం.

ఇంకో పాయ ఉంది, మజ్జిగది. సమీన్ నోస్రత్ 2017లో రాసిన ‘సాల్ట్ ఫ్యాట్ యాసిడ్ హీట్’లో ఉప్పు కలిపిన బటర్‌మిల్క్‌లో కోడిని నానబెట్టే వంటకం చాలా పేరు తెచ్చుకుంది. అక్కడి బటర్‌మిల్క్ మన పల్చటి మజ్జిగ కాదు, చిలికిన పెరుగంత చిక్కగా ఉంటుంది. బ్రెస్ట్‌కూ అది పనికొస్తుంది. కానీ అందులోని పాల చక్కెర వల్ల చర్మం ముందే ఎర్రబడుతుంది. దాని మీద మళ్లీ తీపి పూత పూస్తే మాడడానికి ఎంతోసేపు పట్టదు.

ఈ పక్షాలన్నీ మరిచిపోయే విషయం ఒకటి చెప్పాలి. సూపర్‌మార్కెట్‌లో దొరికే చాలా బ్రెస్ట్‌లకు ఫ్యాక్టరీలోనే ఉప్పునీరు సూదులతో ఎక్కించి ఉంటారు. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఆ శాతం రాసి ఉంటుంది. యూదుల ఆహార నియమాల ప్రకారం తయారైన కోషర్ ముక్కలకూ ముందే ఉప్పు పట్టి ఉంటుంది. వాటికి మళ్లీ ఉప్పు పెట్టక్కర్లేదు. లేబుల్ చదవకుండా చేసే ఉప్పు చర్చంతా వృథా.

ఓవెన్ వేడి

వ్యవసాయ శాఖ మాట ఇక్కడా సూటిగానే ఉంది, ఓవెన్ 325 ఫారెన్‌హీట్‌కు తగ్గకూడదు. ఎముకతో ఉన్న నాలుగు నుంచి ఆరు పౌండ్ల బ్రెస్ట్‌కు ఆ వేడిలో గంటన్నర నుంచి రెండుంపావు గంటలు పడుతుందని వాళ్ల పట్టిక. ముందు 450 దగ్గర ఎర్రగా వేయించి తర్వాత వేడి తగ్గించడం పాత పద్ధతి. పైపైన బాగా ఎర్రబడితే లోపలి రసం బయటికి రాకుండా మూతపడుతుందని పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ రసాయన శాస్త్రవేత్త జస్టస్ ఫాన్ లీబిగ్ చెప్పిన మాట దాని వెనక ఉంది. ఆ మాట తప్పని హెరాల్డ్ మెక్‌గీ 1984లోనే ‘ఆన్ ఫుడ్ అండ్ కుకింగ్’లో వివరించాడు. ఎర్రబడటం రుచి కోసం, రసానికి మూత కాదు. ఇప్పుడు చాలామంది చెఫ్‌లు తలకిందులుగా చేస్తున్నారు. 250 లేదా 275 దగ్గర నెమ్మదిగా ఉడికించి చివర్లో మంట పెంచుతారు. ముక్క అంచు నుంచి మధ్య దాకా ఒకే తీరుగా ఉడకడం ఇందులో నిజంగా కనిపించే లాభం. వేడి తక్కువ కాబట్టి దించాక పెరిగే డిగ్రీలూ తక్కువే.

ప్లాస్టిక్ సంచిలో మూసి మరగని వేడినీళ్లలో గంటల తరబడి ఉడికించే సూ-వీడ్ పద్ధతి మాంసం మెత్తదనంలో అన్నిటినీ మించుతుంది. చర్మం విషయంలో అన్నిటికన్నా వెనకబడుతుంది. సంచిలోంచి తీసిన చర్మం తడిసిన కాగితంలా ఉంటుంది. ఎయిర్ ఫ్రయర్‌లో ఒకరిద్దరికి సరిపడే చిన్న ముక్క బాగానే వస్తుంది, దాని గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు.

పూత: పాకం తెలిసినవాళ్లకు తెలిసేది

ఇక అసలు ప్రశ్న. తెలుగు వంటింట్లో పెరిగినవాళ్లకు ఈ పూత కొత్త విద్య కాదు. లేత పాకం, తీగ పాకం, ఉండ పాకం తేడా తెలిసినవాళ్లకు గ్లేజ్ ఎంత చిక్కగా ఉండాలో ఎవరూ చెప్పక్కర్లేదు. మేపుల్ సిరప్, ఆవపిండి ముద్ద, కాస్త వెనిగర్, కాస్త వెన్న చిన్న గిన్నెలో సన్న సెగ మీద పెడితే ముందు పెద్ద పెద్ద బుడగలు వచ్చి వెంటనే చితికిపోతాయి. నీరు ఇంకేకొద్దీ బుడగలు చిన్నవై, దట్టమై, గిన్నె అంచులు పట్టుకుంటాయి. చెంచా వెనక వేలితో గీస్తే గీత పూడుకోకుండా నిలవాలి. అంటే లేత పాకం దాటి తీగ పాకానికి కొంచెం ఇటు. అంతకన్నా పల్చనైతే మాంసం మీంచి కారి అడుగున మాడుతుంది. అంతకన్నా ముదిరితే కుంచెకు గడ్డకడుతుంది.

ఈ తీపి పూత టర్కీకి వచ్చింది హ్యామ్ నుంచి. ఉప్పులో ఊరబెట్టి పొగ పట్టించిన పంది తొడ మీద బ్రౌన్ షుగర్, తేనె పూసి కాల్చడం అమెరికన్ పండగ బల్లల మీద పాత అలవాటే. ఆ వంటకాలనే టర్కీకి మార్చి రాయడంలో ఒక పొరపాటు దొర్లింది. హ్యామ్‌కు సాధారణంగా తోలు తీసేస్తారు. కింద ఉన్న కొవ్వు మీద కత్తితో గళ్లు గీసి పూత పూస్తారు, అది కొవ్వులోకి ఇంకి జిగటగా నిలుస్తుంది. పెళుసుగా ఉండాలన్న ఆశ అక్కడ ఎవరికీ లేదు. టర్కీకి తోలు ఉంది, ఆ తోలు కరకరలాడాలన్న కోరికా ఉంది. పూతేమో తడిది. ఎండిన తోలు మీద పాకం రాసిన మరుక్షణం నుంచి ఆ తోలు మెత్తబడటం మొదలుపెడుతుంది.

మిగతా దేశాల వంటల్లో మెరుపు పూతకు వేరే దారులున్నాయి. ఫ్రెంచి పాత వంటలో మెరుపు అంటే చక్కెర కాదు. ఎముకల రసాన్ని మరిగించి జిగురుగా చేసి, మాంసం మీద మళ్లీ మళ్లీ పోస్తూ అద్దంలా మెరిపించడం. జపాన్ తెరియాకిలో ‘తెరి’ అంటేనే మెరుపు. సోయా, మిరిన్, చక్కెర కలిసిన ఆ పూతను కాలుతున్న ముక్క మీద పొరలు పొరలుగా పూస్తారు. చైనాలో పెకింగ్ బాతుది మరో పద్ధతి. మాల్టోస్ కలిపిన నీళ్లు పూసి, బాతును గాలికి గంటల తరబడి వేలాడదీసి, పూత పూర్తిగా ఎండాకే కాలుస్తారు. అక్కడ పూత ముందు, వంట తర్వాత. చర్మం అందుకే గాజులా పగులుతుంది. పూతకూ పెళుసుకూ పొత్తు కుదరదన్నవాళ్లకు ఇదే జవాబు. పొత్తు కుదురుతుంది, పూతను ఎండనిచ్చేంత ఓపిక ఉంటే.

ఇంటి వంటలో ఎప్పుడు పూయాలన్నదాని మీద మూడు పక్షాలున్నాయి. మొదటి నుంచీ పూస్తూ ఉండాలన్నది పాత పక్షం. చక్కెర గంటన్నర సేపు 325 డిగ్రీల గాలిలో ఉంటే లోపల ఉడకకముందే పైన నల్లబడుతుంది, కాబట్టి ఈ పక్షం దాదాపు ఓడిపోయింది. మాంసం లోపల 130 ఫారెన్‌హీట్ చేరాక, చివరి ఇరవై ఇరవై అయిదు నిమిషాల్లో రెండు మూడు పొరలు పూయాలన్నది ఇప్పుడు ఎక్కువమంది పక్షం. ఒక్కో పొర ఆరి అంటుకున్నాక మరో పొర వేస్తారు, అప్పుడు అది మందంగా, గాజులా కూర్చుంటుంది. అసలు ఓవెన్‌లో పూయొద్దు, దించాక రాయండి అనేది మూడో పక్షం. వాళ్లకు చర్మం ముఖ్యం. వాళ్ల పూత మాత్రం పూతలా కాకుండా సాస్‌లా మిగిలిపోతుంది, వేడికి వచ్చే ఎర్రదనం, కొంచెం చేదు కలిసిన తీపి దానికి రావు.

ఏ తీపి వాడామన్నదీ చిన్న విషయం కాదు. తేనెలో ఫ్రక్టోస్, గ్లూకోస్ విడివిడిగా ఉంటాయి కనుక త్వరగా ఎర్రబడి త్వరగా మాడుతుంది. మేపుల్ సిరప్‌లో ఎక్కువ భాగం మామూలు చక్కెరే కాబట్టి కాస్త ఓర్చుకుంటుంది. క్రాన్‌బెర్రీ పుల్లటి పండు, పెక్టిన్ బాగా ఉన్నది. దాని గుజ్జు జామ్‌లా బిగిసి జారకుండా నిలుస్తుంది. తీపి తక్కువ, పులుపు ఎక్కువ కనుక కొవ్వు లేని రొమ్ము మాంసానికి ఇది బాగా నప్పుతుంది. దాని ఎరుపు ఓవెన్‌లో కొంచెం నలుపు తిరుగుతుంది, దానికి బెంగ పడక్కర్లేదు. అడుగు పళ్లెంలో కప్పు నీళ్లు పోసి ఉంచకపోతే కారిన పాకం మాడి ఇల్లంతా పొగ పడుతుంది. ఈ మాట ఎంతో సులువుగా చెప్పవచ్చు, అయినా చాలా వంటకాల్లో కనిపించదు.

పక్కపక్కన పెట్టి చూస్తే

మాంసం తడిగా ఉండటమే ముఖ్యమైతే సూ-వీడ్‌కు సాటి లేదు, కానీ చర్మం తీసి విడిగా వేయించుకోవాలి లేదా వదులుకోవాలి. చర్మమే ముఖ్యమైతే పొడి ఉప్పు, రాత్రంతా ఫ్రిజ్ గాలి, చివర్లో 475 డిగ్రీల మంట, పూత పక్కన గిన్నెలో. పూతే ముఖ్యమైతే మొదటి నుంచి చివరిదాకా 325 దగ్గర నిదానంగా నడిచే పాత పద్ధతే మేలు, ఎందుకంటే చివర్లో మంట పెంచే పద్ధతులన్నీ చక్కెర పాలిట గండాలు. 500 డిగ్రీల ఓవెన్‌లో తేనె పూత మూడు నాలుగు నిమిషాల్లోనే ఎరుపు దాటి నలుపులోకి వెళ్తుంది. ఈ మూడూ ఒకేసారి కావాలని ఆశపెట్టే వంటకాలే పాఠకులను ఎక్కువగా మోసం చేశాయి.

చిన్న భోజనానికి తగిన రాజీ ఒకటి ఉంది, దానికి పెద్ద పేరేమీ లేదు. రెండున్నర పౌండ్ల సగం బ్రెస్ట్, ముందు రోజే పొడి ఉప్పు, 300 నుంచి 325 దగ్గర మెల్లగా, 130 దాటాక మూడు పొరల పూత, 155 దగ్గర దించి పావుగంట ఆగడం. చర్మం కరకరలాడదు. పూత మాత్రం మందంగా మెరుస్తుంది, కింద మాంసం తడిగా ఉంటుంది. నలుగురికి ఇది చాలు, మర్నాటి శాండ్‌విచ్‌లకు కాస్త మిగులుతుంది కూడా. ముక్క గడ్డకట్టి ఉంటే మాత్రం నాలుగైదు పౌండ్లకు ఒక రోజు చొప్పున ఫ్రిజ్‌లో కరగనివ్వాలి. అది మరిచిపోయినవాళ్లు సంచితో సహా చన్నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చాలి, పౌండుకు అరగంట లెక్కన.

బెల్లం, చింతపండు

డల్లాస్, న్యూజెర్సీ, బే ఏరియాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు నవంబరు నెలాఖరు నాలుగు రోజుల సెలవు. చుట్టాలు కలుస్తారు, కొందరి బల్ల మీద టర్కీ కూడా ఉంటుంది. చప్పగా ఉంటుందన్న ఫిర్యాదుతో దానికి అల్లం వెల్లుల్లి, కారం, పెరుగు పట్టించి తందూరీలా కాల్చడం చాలా ఇళ్లలో అలవాటైంది. పెరుగు మసాలా దట్టంగా పట్టిన ముక్క మీద పూత నిలవదు. అందుకే ఈ రెండు పద్ధతులనూ కలపకపోవడం మంచిది. మసాలా చర్మం కిందికి తోసి, చర్మం మీద ఉప్పు మాత్రమే ఉంచి, చివర్లో చింతపండు గుజ్జు, బెల్లం, ఎండుమిర్చి, చిటికెడు మెంతిపిండి కలిపి మరిగించిన పాకం పూస్తే మాత్రం మన పులుసు రుచి ఆ పక్షికి చక్కగా అతుకుతుంది. బెల్లం శుద్ధి చేయని చక్కెర, అందులో విడి చక్కెరలు కొంత ఉంటాయి, కనుక దానికి తేనెకు పెట్టినంత కాపలా పెట్టాలి. బెల్లంలో మట్టి, నలకలు ఉంటే పాకం వడకట్టుకోవాలన్న సంగతి ఇళ్లలో అందరికీ తెలిసిందే.

ఇంకా తేలనివి

ఎముకతో కొనాలా, లేకుండానా అన్నదాని మీద ఒక మాట కుదరలేదు. ఎముక ఉన్న వైపు వేడి నెమ్మదిగా అందుతుంది. అందువల్ల ఒకవైపు ఎండిపోకుండా ఉంటుందని కొందరు, ఒకవైపు పచ్చిగా మిగులుతుందని కొందరు. ఎముక లేని ముక్కను చుట్టి దారంతో కడితే గుండ్రంగా, సమంగా ఉడుకుతుంది. కానీ చర్మం చాలా భాగం లోపలికి పోయి పూతకు చోటు తగ్గిపోతుంది. గ్రేవీ కావాలనుకునేవాళ్లకు ఎముకే దిక్కు.

దించాక ఎంతసేపు ఆగాలన్నది మరో చిక్కు. ఆగితే రసం మాంసంలోకి తిరిగి ఇంకుతుందన్న నమ్మకాన్ని ఇటీవల కొందరు ప్రశ్నిస్తున్నారు. ఆగడం వల్ల అసలు జరిగేది వేడి తగ్గి రసం చిక్కబడటమేనని వాళ్ల మాట. ఇక పూత పూసిన ముక్కకు ఆగడమే నష్టం. మాంసంలోంచి లేచే ఆవిరి పూతను కింది నుంచి తడుపుతుంది, ఆ పావుగంటలో గాజులాంటి పొర మెత్తబడుతుంది. రేకు కప్పితే ఇంకా పాడవుతుంది. దానికి కొందరు చెప్పే మందు మూత లేకుండా ఆగనిచ్చి, కోసే ముందు మిగిలిన వేడి పాకం ఒక పలుచటి పొర పూయడం. మరికొందరు కోసేదాకా ఆగి ముక్కల అంచులకు మాత్రం రాస్తారు. ఏ పద్ధతైనా, ముందు బ్రెస్ట్‌ను ఎముక నుంచి మొత్తంగా విడదీసి, పీచుకు అడ్డంగా అరంగుళం మందాన కోయాలన్నదాని మీద మాత్రం తగవు లేదు. అప్పుడు ప్రతి ముక్కకూ పూత అంచు ఒకటి దక్కుతుంది.